ఉక్కురెక్క రెండో భాగం

మొండయ్య ఉస్తాద్‌ను ప్రశ్న అడగాలంటే ముందు చెప్పులు తొడుక్కోవాలి. ఆయన కూర్చుని జవాబు చెప్పగా విన్నవాళ్లు మా బొగ్గుబాయి కాలనీలో లేరు. పొద్దున గ్రౌండులో కర్రసాము నేర్పడం అయ్యాక ఎవరైనా "ఉస్తాద్, ఒక్క మాట" అంటే, "నడువ్" అని తాను ముందు నడుస్తాడు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే నడక మిగిలినట్టు. బాయిలో బొగ్గు నింపిన మనిషి, సమ్మెలో లాఠీ దెబ్బలు తిన్న మనిషి. మాటల కంటే కాళ్ల మీద ఆయనకు నమ్మకం ఎక్కువ.

ఆ రోజు అడిగినవాడు నరహరి. ఉస్తాద్ శిష్యుల్లో మంచి చేయి ఉన్నవాడు. ఉక్కురెక్క అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా. సినిమా పిచ్చోళ్లని ముఖం తిప్పుకునే పెద్దమనుషులకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ సంఘంలో ఉన్నవాళ్లంతా బాయి కార్మికుల పిల్లలు. కటౌటుకు దండ వేసిన చేతులతోనే నెలనెలా వంతులు వేసుకుని ఆస్పత్రికి వెళ్తారు, తలసేమియా ఉన్న పిల్లల కోసం రక్తం ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఫొటోలు దిగుతారు, నిజమే. రక్తం కూడా నిజమే. వాళ్లను చూసి నేను గర్వపడతాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

ఉక్కురెక్క అంటే బొగ్గు గనిలో పనిచేస్తూ, వీపున ఇనుప రెక్కలు మొలిచి ఆకాశంలోకి ఎగిరిన సినిమా వీరుడు. మొదటి భాగం చూశాక ఆ రెక్కలు మా పిల్లలకు సొంత రెక్కలైపోయాయి. రెండో భాగం వచ్చిన రోజు మొదటి ఆటకు సంఘమంతా వెళ్లింది. హీరో ఎంట్రీకి చల్లడానికి చింపిన కాగితాలు పిడికిళ్లలో పట్టుకుని కూర్చున్నారు. ఎంట్రీ రాలేదు. రేషన్ షాపు ముందు క్యూలో, మఫ్లర్ చుట్టుకుని, పాటా మ్యూజిక్కూ ఏమీ లేకుండా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతనే హీరో అని తెలిసేసరికి సీను దాటిపోయింది. కొందరు తేరుకుని కాగితాలు చల్లారు గానీ, అప్పటికి తెర మీద విలన్ ఉన్నాడు.

సంఘం అక్కడే రెండుగా చీలింది. "వీరుడొచ్చి మన క్యూల నిలబడ్డడు, ఇంతకన్న ఏం గావాలె?" అన్నది నరహరి పక్షం. రెండో పక్షానికి పెద్ద సదానందం. నరహరికి చిన్ననాటి దోస్తు, కటౌట్ నిలబెట్టడంలో మొనగాడు. తండ్రి బాయి ప్రమాదంలో పోయాక అతన్ని కూలిపోకుండా పట్టుకున్నది ఆ సంఘమే. ఇప్పటికీ పని దిగితే అతనికి వేరే అడ్డా లేదు. అలాంటివాడు ఫోన్లో వీడియో పెట్టాడు. "క్యూల నిలబడుడు మనం రోజూ జూస్తలేమా? నేను టికెట్ కొన్నది ఎగురుడు జూడనీకి. రెండో భాగం దండుగ." ఊరంతా చూసింది.

"సొంత సినిమాను బజార్ల వెట్టి తిట్టినోడు అభిమాని ఎట్లయితడు ఉస్తాద్?" అన్నాడు నరహరి. "సాయంత్రం మీటింగుంది. వాణ్ని సంఘం నుంచి తీసేద్దామనుకుంటున్న. తప్పా?"

"కటౌట్ ఎవలు కడతరు?"

"ఎవలో ఒకలు కడతరు."

"ఊఁ" అన్నాడు ఉస్తాద్. "ఇయ్యాల రక్తమిచ్చే వంతు నీదే గదా. నడువ్."

గ్రౌండులోనే ఉన్న నేనూ వాళ్ల వెనకే నడిచాను. దారి పొడుగునా నరహరి సినిమా గురించే చెప్పాడు. ఉస్తాద్ నడుస్తూనే ఉన్నాడు. ఆస్పత్రిలో రక్తం తీసే గది తలుపు తోయగానే నరహరి ఆగిపోయాడు. మొదటి భాగం బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని, చేతికి సూది పెట్టించుకుని సదానందం మంచం మీద పడుకుని ఉన్నాడు.

"నిన్నెవడు పిల్చిండురా?"

"సిస్టర్ పిల్చింది. నీ వాట్సాప్ గ్రూపులకెల్లి నన్ను తీసేసినవు గని, సిస్టర్ ఫోన్లకెల్లి తీసేయలేదు గదా."

నరహరి ముఖం కందిపోయింది. సిస్టర్ అదేం పట్టించుకోకుండా అతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి రబ్బరు పట్టీ బిగించింది. సూది దిగిందో లేదో ఇద్దరూ మొదలుపెట్టారు. రెక్కల గురించి, మ్యూజిక్ గురించి, ఆ మఫ్లర్ గురించి. ఒక్కో చేయి కదపడానికి లేదు, రెండో చేత్తో గాలిని నరుకుతున్నారు.

"చేతులు ఊపకుండ్రి!" అని సిస్టర్ అరిచింది. "సూది జరిగిందంటే నేను జూపిస్త ఇద్దరికీ మూడో భాగం."

"ఇన్నవారా, సిస్టర్ డైలాగే మీ సినిమా కన్న నయమున్నది" అన్నాడు సదానందం.

నరహరికి ఒళ్లు మండింది. "ఒరేయ్, నువ్వు ఆఖరిదాంక కూసున్నవా అసలు? కూసుంటే గిట్ల మాట్లాడవు. ఆఖరికి ఆ బాయి మూతి మీద నిలబడి వాడు ఏం జేస్తడో యాదిలేదా? వాడు రెక్కలు..."

"నోర్ముయ్!"

సదానందం సగం లేచాడు. సిస్టర్ భుజం పట్టి వెనక్కి పడుకోబెట్టింది. అయినా అతను రెండో చేత్తో గోడవైపు చూపించాడు. "అటు జూడు. ఆ పిల్ల ఇంకా జూడలే."

గోడ దగ్గర బెంచీ మీద లహరి, వాళ్లమ్మ కూర్చుని ఉన్నారు. లహరికి తలసేమియా. తనకు ఎక్కించాల్సిన రక్తం ప్యాకెట్ కోసం ఎదురుచూస్తోంది. పాలిపోయిన ముఖంలో కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. వీళ్ల పోట్లాటలో ఒక్క ముక్క వదలకుండా వింటోంది. నరహరి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండి, మెల్లగా మూతపడింది.

"ఆపినవేందన్నా? ఎగురుతడా, ఎగురడా?" అన్నది లహరి. ఆమె సదానందం వైపు తిరిగింది. "నీ వీడియో నేను జూసిన. బాగలేదన్నవు. అంటే ఎగురడనే గదా?"

"నేను జూసినంక అన్న. నువ్వు జూసినంక నువ్వనాలె."

"మరి కాగితాలు చింపుకొని పోవాల్నా, వద్దా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవునంటే మోసం, వద్దంటే గుట్టు బయటపడుతుంది. ఆ వారమంతటిలో ఇద్దరికీ ఒకే కష్టం రావడం అదే మొదలు.

"తీస్కపో" అని నసిగాడు నరహరి.

"ఎప్పుడు సల్లాలె?"

"నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు" అన్నాడు సదానందం. "మేం జెప్పం. ఆదివారం నేనే తీస్కపోత. అమ్మను గూడ తోలుకరా."

నరహరి ఊరుకోలేకపోయాడు. "దండుగ సినిమాకు మళ్ల పోతవా?"

"దండుగనే. బయటికొచ్చినంక మళ్ల అంట, మైకు వెట్టి అంట. లోపట ఉన్నంతసేపు మాత్రం నోరు దెరవ."

లహరి వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు సిస్టర్, ఆ తర్వాత నరహరి నవ్వారు. అంతలోనే "చెయ్యి! చెయ్యి!" అని సిస్టర్ మళ్లీ అరవాల్సి వచ్చింది. సినిమా పిచ్చోళ్లని నెత్తి కొట్టుకునే పెద్దమనుషుల్లో ఒక్కడైనా ఆ గదిలో ఉంటే బాగుండేదనిపించింది నాకు. వీళ్లు మా కాలనీ పిల్లలని వాడికి గట్టిగా చెప్పేవాణ్ని.

లహరిని లోపలి వార్డుకు తీసుకుపోయారు. సదానందం డ్యూటీకి వేళవుతోందని బిస్కెట్ పొట్లం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ నరహరి మంచాన్ని కాలితో చిన్నగా తన్నాడు. వాళ్లమధ్య అది కోపమో, ముద్దో వాళ్లకే తెలియాలి.

మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని నరహరి మాతో బయటికి వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు.

"ఉస్తాద్, నువ్వు నా మాటకు జవాబియ్యలే."

ఉస్తాద్ నడక ఆపకుండానే అన్నాడు. "నువ్వు జూసిన సినిమాకు నువ్వు కావలి గాస్తున్నవు. వాడు ఆ పిల్ల ఇంకా జూడని సినిమాకు గాసిండు. సాయంత్రం మీటింగుల ఎవల్ని తీసేస్తవో, నువ్వే జెప్పు."