మోషే పేరు ఎవరిది?

కేసరివర్మ మహారాజుకి ఏదైనా పిచ్చి పట్టిందంటే, అది వదిలేదాకా సభలో ఎవడికీ ముద్ద దిగదు. ఈసారి పేర్ల పిచ్చి పట్టింది.

అంటించింది రేవులో దిగిన ఇద్దరు వర్తకులు. హెబ్రీ వర్తకుడు ఎలియాబు వాళ్ళ గ్రంథంలో కథ ఎత్తుకున్నాడు. ఐగుప్తు రాజు ఫరో కూతురికి నది ఒడ్డున, జమ్ములో, ఓ బుట్టలో హెబ్రీల పసివాడు దొరికాడట. పెంచుకుని మోషే అని పేరు పెట్టిందట.

"మా భాషలో నీళ్ళలోంచి తీసినవాడని అర్థం," అన్నాడు.

ఐగుప్తు వర్తకుడు హోరి ఊరుకుంటాడా? "పేరు పెట్టింది మా రాజకుమారి. ఆమెకి మీ భాషతో ఏం పనయ్యా? మా దగ్గర ఆ మాటకి బిడ్డ అని అర్థం. మా రాజుల పేర్ల చివర కూడా తగిలిస్తాం."

ఇద్దరూ జుట్టు జుట్టు పట్టుకునేలా ఉన్నారు. సోమనాథ పండితుడు శాలువా సర్దుకుని లేచాడు. మామూలు ఫోజు కాదు.

"పేరే పుట్టుక ప్రభూ. పేరు ఐగుప్తుదైతే పిల్లాడూ ఐగుప్తువాడే. హెబ్రీలకి సంబంధం లేదు."

ఎలియాబు మొహం మాడిపోయింది. పండితుడు అక్కడితో ఆగితే బాగుండేది. రాజు పక్కన కూర్చునే విదూషకుడు తవిటయ్య వైపు వేలు చూపించాడు.

"అంతెందుకు, వీడి పేరులోనే తవుడుంది. పశువులశాలలో ఉండాల్సినవాడు, తమరి పక్కనున్నాడు."

రాజుకి ఆ మాట తెగ నచ్చింది. "రేపటి సభలో ఇది తప్పని చూపించరా తవిటయ్యా. చూపించలేకపోతే శాలకి పో."

మనోడికి గేదెలంటే చచ్చేంత భయం. పైకి మాత్రం పళ్ళికిలించి, తిన్నగా పండితుడి ఇంటికెళ్ళి అరుగు మీదున్న ముసలి నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. "ఇంత పండితుణ్ణి పెంచావు కదా మామ్మా, రేపు సభకి రా, రాజుగారు చూడాలి," అన్నాడు.

మర్నాడు సభలో లేచాడు.

"నాకు ముందు పుట్టినోళ్ళు మా అమ్మకి దక్కలేదు ప్రభూ. అందుకే నన్ను మంత్రసానికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడు పాటి చేయనోణ్ణి చావు కూడా పట్టించుకోదని. నా పేరులో ఉన్నది మా అమ్మ భయం, నా పుట్టుక కాదు. మోషే సంగతీ అంతే. పేరు పెంచినామెది, బిడ్డ కన్నామెది."

"మరి మా అర్థం?" అన్నాడు ఎలియాబు.

"నీళ్ళలోంచి తీశారుగా. ఆ పేరు వింటే మీవాళ్ళకి అదే గుర్తొస్తుంది. ఉంచుకోండి, ఎవడొద్దన్నాడు?"

హోరి కూడా తలూపాడు. పండితుడు మాత్రం వెటకారంగా నవ్వాడు. "కట్టుకథలు. పేరే పుట్టుక. ఇందులో తిరుగులేదు."

అప్పుడే కర్ర టకటకలాడించుకుంటూ ముసలామె లోపలికొచ్చింది.

"ఒరే పెంటిగా, ఇంత ఎండలో ఆ శాలువా ఏంట్రా?"

సభంతా పండితుడి వైపు తిరిగింది.

"పెంటిగాడెవరు మామ్మా?" అన్నాడు రాజు.

"ఇదిగో, వీడే దొరా. ముందు పిల్లలు పోయారని, పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నాం. పెంటయ్య అని పెట్టాం. సోమనాథం తర్వాత వాడు తగిలించుకున్నది."

పండితుడు శాలువాలో మొహం దాచుకున్నాడు. రాజు మీసం కింద నవ్వు బిగబట్టి, "ఏరా తవిటయ్యా, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"పండితులవారి మాటే ఖాయం చేయండి ప్రభూ. ఇద్దరం శాలకే పోతాం. నేను గేదె ముందుంటా, ఆయన గేదె వెనకుంటారు."

రాజు నవ్విన నవ్వుకి కిరీటం జారి ఒళ్ళో పడింది. చేతి కడియం తీసి తవిటయ్యకి తొడిగాడు, ముసలామెకి పట్టుశాలువా కప్పించాడు.

ఆమె దాన్ని నలిపి చూసుకుని, "పెంటిగా, నీదానికన్నా నాదే మెత్తగా ఉందిరా," అంది.