కాళ్ళతో లాగిన తాడు

నాగావళి ఒడ్డున ఉన్న ఒక గురుకుల జూనియర్ కళాశాలలో కూర్మారావు అనే ఫిజిక్స్ మాస్టారు ఉండేవాడు. ఆయనకు రాని లెక్క లేదు గానీ, సులువైన పాఠం చెప్పమంటే మాత్రం మహా నామోషీగా ఉండేది.

ఆ కళాశాలలో ఒక పద్ధతి ఉంది. తరగతులు మొదలయ్యాక మొదటి రెండు వారాలూ కొత్త పాఠమేదీ ఎత్తుకోకూడదు. బలమంటే ఏమిటి, ద్రవ్యరాశి అంటే ఏమిటి, ఘర్షణ ఎక్కడ పుడుతుంది, న్యూటన్ చెప్పిన మూడు గమన నియమాలేమిటి, ఇవన్నీ హైస్కూల్లో చదివినవే అయినా పిల్లల చేత మళ్ళీ మొదటి నుంచీ నెమరు వేయించాలి. పది ఊళ్ళ నుంచి, పది రకాల బళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కదా, అందరినీ ఒక్క గీత మీద నిలబెట్టడానికి ఆ ఏర్పాటు. మిగతా మాస్టార్లు దాన్ని బుద్ధిగా పాటించేవారు. కూర్మారావు మాత్రం రెండు వారాల పనినీ అరగంటలో ముగించేవాడు.

"ఇవి పాలు తాగే పిల్లల పాఠాలు. మనకెందుకు?" అనేవాడు. మూడు నియమాలూ బోర్డు మీద చకచకా రాసేవాడు. పిల్లలు నోటుపుస్తకం తెరిచేలోపు చెరిపేసేవాడు. ఆ వెంటనే గిర్రున తిరిగే చక్రాల లెక్కల్లోకి దూకేవాడు. అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టడమంటే ఇదే! ఆ ఘాటుకు పిల్లల కళ్ళు చెమర్చేవి. తన పాఠం లోతుకు కరిగిపోతున్నారనుకుని ఆయన మురిసిపోయేవాడు.

ఆ ఏడు చేరికలు ఆలస్యమై ఆగస్టు మొదటి వారంలో తరగతులు మొదలయ్యాయి. కూర్మారావు ఎప్పటిలాగే "చర్యకు ప్రతిచర్య సమానంగా, వ్యతిరేక దిశలో ఉంటుంది" అని మూడో నియమం రాసి డస్టరు అందుకున్నాడు. అంతలో మూడో వరుసలోంచి నీలవేణి అనే అమ్మాయి లేచి నిలబడింది. పార్వతీపురం అవతల కొండ కింద పల్లె ఆమెది. వంతెనలు కట్టే ఇంజనీరు కావాలని ఎంపీసీలో చేరింది.

"సార్, తాడు లాగే పోటీలో మనం అవతలి జట్టును ఎంత బలంగా లాగితే, వాళ్ళూ మనల్ని అంతే బలంగా లాగుతారనేగా దీని అర్థం?"

"అంతేగా మరి."

"రెండూ సమానమైతే ఒక జట్టు ఎలా గెలుస్తుంది సార్?"

డస్టరు గాలిలోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ నౌకరీలో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగే సందు ఆయన ఇస్తేగా! జవాబు నాలిక చివరిదాకా వచ్చినట్టే ఉంది గానీ, బయటికి రావడం లేదు. పోనీ, రేపు ఆలోచించి చెబుతానని అనవచ్చు. అందుకు నామోషీ అడ్డొచ్చింది.

"బలం ఎక్కువున్న జట్టు గెలుస్తుంది. ఇందులో అడగడానికేముంది?" అన్నాడు.

"అప్పుడు బలాలు సమానం కావు కదా సార్. మరి నియమం తప్పా?"

"నియమం తప్పు కాదు, నీ బుర్ర తప్పు! కూర్చో!"

తరగతి గొల్లుమంది. నీలవేణి తల దించుకుని కూర్చుంది. ఆ వారమంతా మళ్ళీ నోరు తెరవలేదు.

వారం తిరిగేసరికి ప్రిన్సిపాల్ గారి దగ్గర నుంచి కూర్మారావుకు ఒక కాగితం వచ్చింది. "నాకు ఫిజిక్స్ బుర్ర లేదు. దయచేసి ఎంపీసీ నుంచి సీఈసీకి మార్చగలరు" అని నీలవేణి పెట్టుకున్న అర్జీ అది. పదహారో తారీఖులోగా ఫిజిక్స్ మాస్టారు సంతకం చేస్తే ఆ పిల్ల గ్రూపు మారిపోతుంది. వంతెనలు కట్టే ముచ్చట అంతటితో ముగిసిపోతుంది. కాగితం చదివిన కూర్మారావుకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అలాగని తప్పు ఒప్పుకోబుద్ధి కాలేదు. "జెండా పండగ కానీ, చూద్దాం" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జెండా పండగ రానే వచ్చింది. వందనం అయింది, చాక్లెట్లు పంచారు, ఆటల పోటీలు మొదలయ్యాయి. అన్నిటికన్నా ఆఖరున మాస్టార్ల జట్టు తాడు లాగాలి. ఏటా వాళ్ళు పిల్లలతోనే తలపడేవారు. ఈసారి డ్రిల్లు మాస్టారు సరదాకి, వాళ్ళకు ఎదురుగా హాస్టల్ వంటశాల ఆడవాళ్ళను దింపాడు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. వంటవాళ్ళ జట్టుకు పెద్ద అప్పలనరసమ్మ. మూడు వందల మందికి రెండు పూటలా అన్నం వండి వార్చే మనిషి.

కూర్మారావు మైకు అందుకున్నాడు. ఆయనకు మైకు ఇవ్వడం ఎవరి పొరపాటో ఇప్పటికీ తేలలేదు.

"పిల్లలూ! ఇది శాస్త్రానికీ గరిటెకూ మధ్య పోటీ. కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. మేం ఓడిపోతే నేను వారం రోజులు మీ మొదటి బెంచీలో కూర్చుని పాఠం వింటాను!"

"మరి పాఠం ఎవులు సెప్తారు మేస్టారూ?" అంది అప్పలనరసమ్మ.

"నువ్వు ఎవరిని చెప్పమంటే వాళ్ళే!"

"మాటంటే మాటేనా?"

"కూర్మారావు మాట!"

పిల్లల ఈలలతో మైదానం దద్దరిల్లింది. కూర్మారావు తన జట్టును వరుసలో నిలబెట్టాడు. నూట పది కిలోల కామర్స్ మాస్టారు అందరికన్నా వెనక, తాను అందరికన్నా ముందు. "నిటారుగా నిలబడండి. మూడు అనగానే చేతులతో ఒక్క ఊపున గుంజండి, అంతే!" అన్నాడు. పండగ రోజు కదా, అందరివీ తెల్ల ప్యాంట్లు, పాలిష్ పెట్టిన నున్నటి తోలు బూట్లు. తెల్లవారుజామున కురిసిన వానకు నేల ఇంకా తడిగానే ఉంది.

అవతల అప్పలనరసమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కుచ్చిళ్ళు ఎగదోపింది. మడమలతో నేలను నాలుగేసి పోట్లు పొడిచి రెండు చిన్న గుంటలు చేసుకుంది. మిగతా అయిదుగురూ అలాగే చేశారు.

"సేతుల్తో కాదర్రా, కాళ్ళతో లాగండి. తాడు జారిపోకుండా ఒట్టుకోండి, సాలు" అంది వాళ్ళతో.

"కాళ్ళతో తాడు లాగుతారట, విన్నారా?" అని కూర్మారావు పగలబడి నవ్వాడు.

ఈల మోగింది. తాడు బిగిసింది. మాస్టార్లు మూడు లెక్కపెట్టి ఒక్క గుంజు గుంజారు. అవతలి ఆడవాళ్ళు వెనక్కి వాలి, మోకాళ్ళు కాస్త వంచి, ఉన్నచోటే ఉండిపోయారు. రెండో గుంజుకు మాస్టార్ల బూట్లు కదిలాయి. మూడో గుంజుకు జారాయి. ఆ తరవాత అవతలివాళ్ళు గుంజనక్కరలేకుండానే మాస్టార్లు సాఫీగా ముందుకు సాగిపోయి, గీత దాటి, ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరి అడుగునా కూర్మారావు ఉన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. కూర్మారావు లేచి ప్యాంటు దులుపుకుంటూ, "మా వైపు నేల తడిగా ఉంది. ఇది చెల్లదు" అన్నాడు.

"అలాగా బాబూ? అయితే మా జాగాలోకి రండి, మీ జాగాలోకి మేం ఎల్తాం" అంది అప్పలనరసమ్మ.

జట్లు చోట్లు మార్చుకున్నాయి. అప్పలనరసమ్మ బృందం కొత్తచోట మళ్ళీ మడమలతో గుంటలు పొడుచుకుంది. మాస్టార్లు చూస్తే తమ చోట గుంటలు తయారుగానే ఉన్నాయి. "చూసుకోండి, కాలు మడతపడుతుంది" అని కామర్స్ మాస్టారు హెచ్చరించాడు. ఆరుగురూ ఆ గుంటలను జాగ్రత్తగా తప్పించుకుని, పక్కన నున్నటి నేల చూసుకుని నిలబడ్డారు! ఇంకేం చెప్పను? ఈసారి మొదటిసారి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కూర్మారావు బురదలో చతికిలబడి ఉన్నాడు. లేవబోతూ ఎదురుగా నేల చూశాడు. తన జట్టు వైపు పన్నెండు బూట్లు గీసిన పొడుగాటి చారలు. అవతలి వైపు పన్నెండు లోతైన గుంటలు. తాడు వైపు చూశాడు. ఒకటే తాడు. ఈ చివర ఎంత బిగువో ఆ చివరా అంతే బిగువు. మరి తేడా ఎక్కడుంది? తాడులో లేదు. కాళ్ళ కింద ఉంది.

"మేస్టారూ, దెబ్బ తగల్లేదు కదా?" అని అప్పలనరసమ్మ చెయ్యి అందించింది.

"ఇదంతా నీకెలా తెలుసమ్మా?"

"ఏటుంది బాబూ ఇందులో? రోజూ అన్నం గుండిగ ఈడుస్తాం కదా. మనం దాన్ని ఎంత లాగితే అది మనల్ని అంతే లాగుతాది. కాలు జారితే మనమే దాని మీదకి ఎల్లిపోతాం. నేలని గట్టిగా తన్నినోడిదే గెలుపు." ఆమె కాస్త గొంతు తగ్గించింది. "ఆ నీలవేణి వారం రోజులై కంచంలో అన్నం వొగ్గేస్తంది. ఏటమ్మా అంటే ఏడిసింది. ఈ తాడు సంగతే ఏదో అడిగిందట కదా? రేపు పాఠం ఆ పిల్ల సేత సెప్పించండి."

కూర్మారావుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బురద మరకల చొక్కా జేబులో ఆ పిల్ల కాగితం ఉంది. గడువు రేపటితో సరి.

మర్నాడు ఉదయం కూర్మారావు నోటుపుస్తకంతో మొదటి బెంచీలో కూర్చున్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు బిగుసుకుపోయారు. నీలవేణి సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడింది.

"రెండు జట్లనూ ఒకే బొమ్మలో గీస్తే గందరగోళం అవుతుంది," అంది మెల్లగా. "నిన్న చూశాక నాకు తట్టింది. అందుకని విడివిడిగా గీస్తాను. ఇది మాస్టార్ల జట్టు. వీళ్ళను తాడు ముందుకు లాగుతుంది. నేల వెనక్కి తోస్తుంది. ఇది వంటవాళ్ళ జట్టు. వీళ్ళకూ అంతే. తాడు లాగే బాణాలు రెండు బొమ్మల్లోనూ సమానమే. కానీ ఒకటి ఈ జట్టు మీద, ఇంకొకటి ఆ జట్టు మీద పనిచేస్తాయి. కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఎవరిని నేల ఎక్కువగా తోస్తే వాళ్ళు గెలుస్తారు."

మొదటి బెంచీలోంచి చెయ్యి లేచింది. అది కూర్మారావుది.

"టీచర్ గారూ, నేల ఊరికే పడి ఉంటుంది కదా. అదెలా తోస్తుంది?"

తరగతి నవ్వింది. నీలవేణి కూడా, వారం రోజుల తరవాత, నవ్వింది.

"మీరు మడమతో దాన్ని ముందుకు తోస్తే, అది మిమ్మల్ని అంతే బలంగా వెనక్కి తోస్తుంది సార్. అదీ మూడో నియమమే. మీ బూట్లు జారాయి, మీరు నేలను గట్టిగా తొయ్యలేకపోయారు. అందుకే అదీ మిమ్మల్ని గట్టిగా తొయ్యలేదు."

కూర్మారావు లేచి నిలబడ్డాడు. "పిల్లలూ, ఈ అమ్మాయి అడిగిన రోజున ఈ జవాబు నాకు తెలియదు. తెలియదని చెప్పలేక ఆమె బుర్ర తప్పన్నాను. తప్పు నాది." జేబులోంచి మరకలంటిన కాగితం తీసి నీలవేణి ముందు పెట్టాడు. "ఇదిగో అమ్మా. పెట్టమంటే ఇప్పుడే సంతకం పెడతాను. వద్దంటే చింపేస్తాను. నన్ను మాత్రం క్షమించు."

నీలవేణి కాగితం వైపు చూడనైనా లేదు.

"చింపేయండి సార్. నాకు ఘర్షణ మీద ఇంకో ప్రశ్న ఉంది" అంది.

కూర్మారావు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, బెంచీలో కూర్చుని, పెన్ను మూత తీశాడు. ఆ వారంలో ఆయన తనకు వచ్చనుకున్న విషయాలు ఇంకో మూడు నిజానికి రావని కనిపెట్టాడు. అప్పటి నుంచి ఏటా ఆయన తరగతిలో నెమరు పాఠాలు రెండు వారాల్లో ముగిసేవి కావు, మూడు పట్టేవి. "మరీ ఇంత నెమ్మదేమిటండీ?" అని తోటి మాస్టార్లు విసుక్కునేవారు. ఆయన పిల్లలు మాత్రం ఏ ప్రశ్నా మింగేవారు కారు.

నీతి: మొదటి పాఠం తెలిసిందే కదా అని తేలిగ్గా చూసేవాడు ఎంత చదివినా జారిపడతాడు, చిన్న ప్రశ్న ముందు "నాకు తెలియదు" అని ఒప్పుకుని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునేవాడే నిలబడతాడు.