అరవై వేల ఉపవాసాలు

కాలువ నీళ్లు అందరి పొలాలకూ సమానంగా వదలమని రైతులు మొరపెట్టుకుంటే జాగీర్దారు మండిపడ్డాడు. "సమానమా? అది మన ఇస్లాముకే విరుద్ధం! దేవుడు ఎవరి భూమికి తగ్గట్టు వాళ్లకి రాసిపెట్టాడు."

అరెకరం ఆసామి నన్నేసాబుకి ఒళ్లు మండింది. అసలే రంజాన్ నెల, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అయినా వినయంగా సలాం చేశాడు.

"నిజమే హుజూర్. ఇన్నాళ్లూ మీరూ నేనూ సమానంగా ముప్పై ఉపవాసాలుండి పాపం మూటగట్టుకున్నాం. నా అరెకరానికి ముప్పై అయితే, మీ వెయ్యెకరాలకి అరవై వేలు. మీ మునిమనవడి పెళ్లి విందులో కూడా మీరు గుటకలు మింగుతూ కూర్చోవాల్సిందే."

వంటశాలలోంచి హలీం వాసన గుప్పుమంది. జాగీర్దారు కడుపు గుర్రుమంది.

"అందరికీ సమానమే!" అని కేకేశాడు. "కాలువ తూములన్నీ ఎత్తండి! ముందు పొద్దుగూకిందేమో ఎవరైనా చూడండ్రా!"