చిలుకల పూట

ఆ నది పొడవునా వైద్యశాలలు ఉండేవి. ప్రతి వైద్యశాలలోనూ ఒక చిలుక ఉండేది. ఆ చిలుకల్ని పెట్టించింది ఒక సంఘం. ఆ సంఘానికి కార్యదర్శి ఒక ముసలి వైద్యురాలు. ఆవిడ అలిసిపోయింది.

ఎందుకు అలిసిపోయిందంటే ముందు చెల్లెలి సంగతి చెప్పాలి. చెల్లెలు తుంగచాపలు అల్లి, పడవలో వేసుకుని, రేవు రేవునా ఆగి అమ్ముకునేది. ఏటి జనం ఆమెను చాపలమ్మ అనేవారు. నోరు మంచిది, చెయ్యి మంచిది, ఒళ్ళొక్కటే మంచిది కాదు. మూర్ఛలు వచ్చేవి. నవ్వుతూ బేరమాడుతూనే దభీమని పడిపోయేది. పడిందంటే ఇక నోట మాట ఉండదు.

మూర్ఛకు ఆ నది మీద అందరూ వాడే మందు తెల్లవేరు. నూరి ముక్కులో ఊదితే ఎంతటి మూర్ఛయినా ఇట్టే దిగుతుంది. చాపలమ్మకు మాత్రం అది పడదు. గొంతు వాచిపోయి ఊపిరి ఆగిపోతుంది. ఒకసారి ఆగినంత పనీ అయింది, అక్క పక్కన ఉండబట్టి బతికి బట్టకట్టింది. మరి ప్రతి రేవులోనూ అక్క పక్కన ఉంటుందా? పడిపోయిన మనిషి "నాకిది పడదయ్యా" అని చెప్పుకోగలదా?

ఆ దిగులుతోనే అక్కకు చిలుకల ఆలోచన వచ్చింది. చిలుకకు మాట నేర్పితే మరిచిపోదు. రెండు చిలుకల్ని పక్కపక్కన వేలాడదీస్తే ఒకదాని మాట ఇంకొకటి పట్టుకుంటుంది. వైద్యశాలకొక చిలుక ఉండి, ఒక చోటి రోగి సంగతి మరో చోటికి చేరిందంటే, నోరు పడిపోయిన రోగికి కూడా నోరున్నట్టే కదా!

మొదట్లో వైద్యులందరూ నవ్వారు. "తాతల నాటి నుంచీ నాడి పట్టుకుని చూస్తున్నాం. ఇప్పుడు పిట్టనడిగి మందెయ్యాలా?" అన్నారు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ కాళ్లరిగేలా తిరిగింది. ఒకరిని బతిమాలింది, ఒకరిని కోప్పడింది, ఒకరికి తన చిలుకనే ఇచ్చేసింది. అలా తిరిగి తిరిగి సంఘాన్ని నిలబెట్టింది.

వాళ్ళు పెట్టుకున్న పద్ధతి చాలా తేలిక. రోగి సంగతి చిలుక ముందు మూడుసార్లు చెప్పాలి. కొత్త రోగి వస్తే, మందు వేసే ముందు పేరు చెప్పి చిలుకనడగాలి. పున్నమి మర్నాటి నుంచి ఒకరి తరువాత ఒకరుగా ప్రతి వైద్యుడూ తన పంజరం పట్టుకుని పడవలో కింది ఊరి వైద్యశాలకు వెళ్ళాలి. రెండు పంజరాలూ చూరుకు వేలాడదీయాలి. మధ్యాహ్నం దాకా చిలుకలే మాట్లాడుకోవాలి, మనుషులెవ్వరూ నోరు మెదపకూడదు. దాన్ని చిలుకల పూట అనేవారు. ఆ పూట వైద్యులు అరుగు మీద చెరోవైపు కూర్చుని మజ్జిగ తాగేవారు. దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గేవారు.

ఒక ఎండాకాలం చాపలమ్మ నడిమి రేవులో పడిపోయింది. అక్కడి వైద్యుడు ఆమెను ఎన్నడూ చూసి ఎరగడు. తెల్లవేరు నూరి, రేవు జనం చెప్పిన పేరుతో పద్ధతి ప్రకారం చిలుకనడిగాడు. "చాపలమ్మకు తెల్లవేరు పడదు, చాపలమ్మకు తెల్లవేరు పడదు," అంది చిలుక. వైద్యుడు ఆ మందు పక్కన పెట్టి ఇంకొకటి వేశాడు. చాపలమ్మ సాయంత్రానికి లేచి కూర్చుని, ఆయన ఇంటి గుమ్మానికి కొత్త చాప పరిచి వెళ్ళింది.

ఆ కబురు విన్న రోజు కార్యదర్శి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అంత సంతోషం ఆవిడకు మళ్ళీ దక్కలేదు.

ఇక అక్కడి నుంచి సంఘం పెరిగింది. పెరిగితే అధ్యక్షుడు కావాలి కదా. నది పొడవునా అన్నిటికన్నా పెద్ద వైద్యశాల ఉన్నాయన అధ్యక్షుడయ్యాడు. మంచివాడే, చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. కాకపోతే ఆయన గొంతు బాగుంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"నెలనెలా ఈ తిరుగుడు దేనికమ్మా? మీ మోకాళ్ళు చూస్తే నాకే బాధేస్తోంది," అన్నాడు ఒకనాడు. "ఏడాదికోసారి అందరం ఒక్కచోట కలుద్దాం. అన్ని చిలుకలూ ఒక్క పందిరి కింద. ఒక్క దెబ్బకు పనైపోతుంది."

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు నిజమే. మాట కూడా సబబుగానే ఉంది. సరేనంది.

పంజరాలు చేసి అమ్మే వర్తకుడు పందిరి వేయించాడు, భోజనాలు పెట్టించాడు. వేదిక కట్టారు, దాని చుట్టూ పంజరాలు వరసగా కట్టారు. అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

కార్యదర్శి ఆయన పక్కకు వంగి, "ఇది చిలుకల పూట నాయనా. ఎవరూ మాట్లాడకూడదు కదా," అంది.

"రెండే రెండు ముక్కలమ్మా. ఇంతమంది పెద్దల్ని పిలిచి నోరు మూసుకుని కూర్చోమంటే బాగుంటుందా?" అన్నాడు.

ఆ రెండు ముక్కలు భోజనాల వేళ దాకా సాగాయి. తరువాత వర్తకుడు మాట్లాడాడు. తరువాత శాలువాలు కప్పించుకున్న ప్రతివాడూ మాట్లాడాడు. చివర్న, "వార్షిక నివేదిక మీరే చదవాలమ్మా," అని కార్యదర్శిని లేపారు. వద్దని వాదించే ఓపిక లేక లేచి చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏటేటా అలాగే జరిగింది. పందిరి పెద్దదైంది, పంజరాలు ఇత్తడివయ్యాయి, ఉత్తమ చిలుకకు బహుమతి పెట్టారు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, సరిగ్గా అలాగే అయింది. చిలుకకు రోగమేమిటో ఉపన్యాసమేమిటో ఏం తెలుసు? విన్నది పలుకుతుంది, ఎక్కువసార్లు విన్నది ఎక్కువగా పలుకుతుంది. ఇళ్ళకు చేరిన చిలుకలు "వేదికనలంకరించిన పెద్దలకు" అనడం మొదలెట్టాయి. వైద్యులు మురిసిపోయారు. "మా చిలుక ఎంత చక్కగా మాట్లాడుతోందో వినండి!" అని వచ్చేపోయేవాళ్ళకు వినిపించారు.

ఒకరోజు కార్యదర్శి దగ్గరికి జ్వరంతో తెలివి తప్పిన రోగిని తెచ్చారు. తన చిలుకనే అడిగింది, "ఈయనకు ఏది పడదు?" అని.

"ఇంతటితో విరమిస్తూ సెలవు తీసుకుంటున్నాను," అంది చిలుక.

ముసలావిడ రోగిని ఎలాగో గట్టెక్కించి, పంజరం దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది. "చాపలమ్మకు ఏది పడదే? చెప్పు తల్లీ."

చిలుక రెక్కలు దులుపుకుని చప్పట్ల చప్పుడు చేసింది.

ఆవిడ అప్పటికప్పుడు అధ్యక్షుడి ఇంటికి పరుగెత్తింది. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"ముఖ్యమైన సంగతేనమ్మా. మాఘమాసం సభలో తీర్మానం పెడదాం."

"మాఘమాసం దాకా నా చెల్లెలు పడిపోకుండా ఉండాలి మరి."

"అయ్యో, అంత మాటెందుకమ్మా? కావాలంటే తీర్మానాన్ని నేనే ప్రతిపాదిస్తాను. దాని మీద నాలుగు మాటలు మాట్లాడతాను కూడా."

ఆవిడ అక్కడి నుంచి నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. మొన్న ఉదయమే చాపలు పడవకెత్తి దిగువకు వెళ్ళిందని పక్కింటామె చెప్పింది.

"ఒక్కతేనా? తోడు ఎవర్నీ తీసుకుపోలేదా?"

"తోడెందుకమ్మా? నా సంగతి ఏటి పొడుగునా చిలుకలకు తెలుసు, మా అక్క పుణ్యమా అని నాకిక భయం లేదు అంటుందిగా ఎప్పుడూ."

ఆ మాట ఆవిడను నిలువునా కోసేసింది. మొదటి పడవ దొరకగానే ఎక్కింది. ఆగిన ప్రతి రేవులోనూ దిగి, వైద్యశాలకు వెళ్ళి, "మా చెల్లెలు వచ్చిందా?" అని అడిగింది. మొన్న వెళ్ళిందన్నారు, నిన్న వెళ్ళిందన్నారు. ప్రతి చోటా పంజరం ముందు నిలబడి "చాపలమ్మకు తెల్లవేరు పడదు" అని చెప్పింది. ఒక చోట వైద్యుడు చేతులు జోడించి, "అక్కా, దీనికి బహుమతి వచ్చింది. ఉపన్యాసం మధ్యలో మాటలు చేరిస్తే పాడైపోతుంది," అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి కూడా ఓపిక లేక మళ్ళీ పడవెక్కింది.

నది సముద్రంలో కలిసే చోట ఆఖరి వైద్యశాల. అక్కడి వైద్యుడు ఆ ఊరికి కొత్తగా వచ్చినవాడు. ఆవిడ వెళ్ళేసరికి వసారాలో తుంగచాప పరిచి ఉంది. దాని మీద చాపలమ్మ ఉంది. మొహం మీదికి గుడ్డ కప్పారు.

ముసలావిడ చాప పక్కన కూలబడి గుడ్డ తీసి చూసింది. గొంతు వాచి ఉంది. ఇక అడగాల్సిందేమీ లేదు. అయినా అడిగింది.

"చిలుకనడగలేదా నాయనా?"

"అడిగానమ్మా. పద్ధతి ప్రకారమే అడిగాను," అన్నాడు వైద్యుడు. "చాలాసేపు మాట్లాడింది. ఆఖరి మాట దాకా విన్నాను. స్వాగతం పలికింది, పెద్దలందరి పేర్లూ చెప్పింది, అందరికీ ధన్యవాదాలు చెప్పింది. తెల్లవేరు వద్దని ఎక్కడా అనలేదు."

తలొంచుకుని ఇంకో మాట చెప్పాడు. "మధ్యలో మీ గొంతుతో కూడా మాట్లాడిందమ్మా. నివేదిక చదివింది. ఆ గొంతు వినపడగానే మీ చెల్లెలు ఒక్కసారి కళ్ళు తెరిచింది. తెలివొస్తోందనుకుని మందు ఊదాను."

ఆవిడ ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా కొంచెం సత్తువ కావాలి. చెల్లెలి జుట్టు సవరించి, ముడి వేసి, అలాగే కూర్చుంది.

చాపలమ్మ కోసం సంఘం సంతాప సభ పెట్టింది. మాఘమాసం దాకా ఆగకుండా వెంటనే పెట్టింది. అన్ని వైద్యశాలల వాళ్ళూ పంజరాలతో సహా వచ్చారు. అధ్యక్షుడు మాట్లాడుతూ నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "చాపలమ్మకు తెల్లవేరు పడదు! ఈ ఒక్క మాట మనం మరిచిపోయాం!" అన్నాడు. తరువాత లేచినవాళ్ళూ అదే అన్నారు. చాపలమ్మకు తెల్లవేరు పడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. పొద్దు వాలేదాకా ఒకరి తరువాత ఒకరు లేచి ఆ మాటే చెప్పారు.

కార్యదర్శి పందిట్లో ఒక మూల కూర్చుని వింది. ఎవరూ ఆవిడను మాట్లాడమనలేదు. అది ఒక్కటే ఆ రోజు ఆవిడకు దొరికిన దయ.

కొన్నాళ్ళకు అధ్యక్షుడు ఆవిడ ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది, దాన్ని అణుచుకోవాలని చూస్తున్నాడు గానీ ఆయన వల్ల కావడం లేదు.

"అమ్మా, నేను స్వయంగా పడవ మీద వెళ్ళి చూసి వచ్చాను. పై ఊరి నుంచి సముద్రం దాకా ప్రతి చిలుకనూ అడిగాను, చాపలమ్మకు ఏది పడదని. ఒక్కటంటే ఒక్కటి తడబడలేదు. అక్షరం పొల్లు పోకుండా అన్నీ ఒకే మాట చెప్పాయి. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడైనా జరిగిందా? మన సంఘం పెట్టుకున్నది ఇందుకే కదమ్మా!"

ముసలావిడ ఆయన వంక చూసింది. ఆయన కళ్ళలో అబద్ధం లేదు. లోపల పంజరంలో చిలుక చాపలమ్మ పేరెత్తుకుంది, అడక్కుండానే.

"ఇందుకే నాయనా," అంది ఆవిడ. "కూర్చో, మజ్జిగ తెస్తాను."