ప్రతి పదిలో మొదటి రెండు

అనగనగా ఒక టేకు అడవిలో, బంతిని నూరు సార్లు విసిరితే డెబ్భై రెండు సార్లు బుట్టలో వేసే ముంగిస ఒకడు ఉండేవాడు. వాడి పేరు చెంగడు.

ఆ అడవిలో ఏటా వేసవికి ముందు వాగు జట్టుకీ గుట్ట జట్టుకీ మూడు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు జరిగేవి. రెండు గెలిచినవాళ్లు వేసవంతా చెలమలో ముందు నీళ్లు తాగుతారు. ఓడినవాళ్లకు మిగిలేది బురదే.

చెంగడిది వాగు జట్టు. మొదటి మ్యాచ్ చివర్లో గుట్ట జట్టు రేసుకుక్క కెంపడు వాణ్ణి తోసేశాడు. అలా తోస్తే రెండు ఫ్రీ త్రోలు ఇస్తారు. అంటే గీత దగ్గర నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా రెండు సార్లు విసరొచ్చు. చెంగడు విసిరాడు. రెండూ పోయాయి! ఒక్క పాయింటు తేడాతో వాగు జట్టు ఓడింది.

రెండో మ్యాచ్‌లోనూ వాడివి రెండూ పోయాయి. వాడి జట్టులోని ఎలుగుబంటి గున్నడు ఆఖర్లో ఒక బుట్ట వేసి గట్టెక్కించాడు.

“నూటికి డెబ్భై రెండు వేసేవాణ్ణి. నా అదృష్టం బాగాలేదు,” అన్నాడు చెంగడు.

“ఏదీ, నీ లెక్క చూపించు,” అంది ముళ్లపంది సూరమ్మత్త.

చెంగడు ఇసుకలో తన గుర్తులు చూపించాడు. వాడు పది విసిరి కాసేపు కూర్చునేవాడు. అలా పది వరసలు. పడితే గీత, పోతే చుక్క.

“ప్రతి వరసలో మొదటి రెండూ చూడరా.”

చెంగడు లెక్కపెట్టాడు. ఇరవైలో గీతలు నాలుగే! మిగతా ఎనభైలో అరవై ఎనిమిది.

“చెయ్యి కుదిరాక బాగానే వేస్తున్నావు. మ్యాచ్‌లో మూడోది నీకెవరిస్తార్రా?” అంది అత్త.

మూడో మ్యాచ్‌కి ఇరవై రోజులే ఉన్నాయి.

మర్నాటి నుంచి చెంగడు గుట్ట దాకా పరుగెత్తి రావడం. రొప్పుతూనే రెండంటే రెండు విసరడం. మళ్లీ పరుగు. తొలిరోజు ఇరవైలో పడ్డవి మూడు.

“ఏరా, డెబ్భై రెండూ ఎక్కడ పారేసుకున్నావు?” అని బండ మీద నుంచి నవ్వాడు కెంపడు.

గున్నడికీ భయం వేసింది. “తమ్ముడూ, పాత పద్ధతే మేలేమోరా. మా అక్క పిల్లలు పసివాళ్లు. ఆ బురద తాగితే బతకరు.”

చెంగడికీ భయంగానే ఉంది. కదలకుండా నిలబడి నూరు విసిరితే పాత అంకె మళ్లీ వస్తుంది, మనసు కుదుటపడుతుంది. అయినా పరిగెత్తాడు. పదో రోజుకు ఎనిమిది పడ్డాయి. పంతొమ్మిదో రోజుకు పద్నాలుగు.

మూడో మ్యాచ్. ఆట ముగియబోతోంది. వాగు జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. కెంపడు మళ్లీ తోశాడు. చెంగడు లేచి గీత దగ్గరికి వచ్చాడు.

“నీ కాళ్లు వణుకుతున్నాయిరా!” అన్నాడు కెంపడు.

“రోజూ వణికేవే,” అన్నాడు చెంగడు.

మొదటిది బుట్ట అంచు మీద ఒక చుట్టు తిరిగింది. గున్నడు కళ్లు మూసుకున్నాడు. బంతి లోపలికి జారింది. సమం!

రెండోది అంచును తాకనే లేదు. నేరుగా లోపలికి దిగింది.

ఎలుగుబంటి పిల్లలు చెలమ వైపు పరుగు తీశాయి.

“ఇక హాయిగా పడుకోరా,” అంది సూరమ్మత్త.

“ఇరవైలో ఇంకా ఆరు పోతున్నాయి అత్తా,” అని చెంగడు బంతి చంకన పెట్టుకుని గుట్ట వైపు తిరిగాడు.

నీతి: పెద్ద అంకె చూసి మురిసిపోతే మన లోపం దాని వెనకే దాక్కుంటుంది. అసలు పరీక్ష ఎంత కష్టంగా ఉంటుందో, సాధన కూడా అంత కష్టంగానే చేయాలి.