ముత్యాల పొడి మానేసిన రాజు

అనగనగనగా, చెరుకు తప్ప ఇంకేమీ పండని ఒక ఊరుండేది. ఆ ఊరికో రాజు. ఊ కొడుతున్నారా లేదా? ఒరే సోమయ్యా, నువ్వు ఊ కొట్టకపోతే నేను ఆపేస్తాను. ఆఁ, అలా.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. ఏటా మొదటి చెరుకు గడ రాజే కొరకాలి. రాజు కొరకందే గడ నరకరు, గడ నరకందే గానుగ ఆడదు, గానుగ ఆడందే బెల్లం వండరు, బెల్లం వండందే ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఆ ఏడు చూడబోతే రాజుగారి చిగుళ్ళు పుండ్లు. అన్నం మెతుకు తగిలినా నెత్తురే. ఇంక గడేం కొరుకుతాడు? చెరుకేమో పూతకొచ్చే రోజులు. పూత వచ్చిందంటే రసం తగ్గిపోతుంది. ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

గానుగ ఆడించేవాళ్ళింటి కోడలు నాంచారి. గట్టి పిండం. రాజుగారు దేంతో పళ్ళు తోముతారని ఆరా తీసింది. ముత్యాలు నూరిన పొడితోనట! రాజు కదా, మనలా తోమితే పరువేం కాను? రెండు పూటలా ఆ గరుకు పొడితో ఇత్తడి బిందె తోమినట్టు తోమేస్తున్నాడు. చిగుళ్ళు ఒరుసుకుపోక ఏం చేస్తాయి, నా తల్లే.

నాంచారి వేపాకు, తుమ్మబెరడు, కరక్కాయ ఎండబెట్టింది. లవంగం, ఉప్పు చేర్చి దంచింది, దంచి జల్లించింది, జల్లించి పల్చటి గుడ్డలో మళ్ళీ జల్లించింది, నువ్వుల నూనెతో ముద్ద చేసింది. రాజు దగ్గరికి పట్టుకెళ్ళి, ముత్యాల పొడి మానేసి ఇది వేలితో మెల్లగా రాసుకోమంది. రాజు రాసుకుని, చేదని ఉమ్మేశాడు. ఇంక చాల్లే అమ్మా అని అత్తగారు బతిమాలింది. వింటేనా? మర్నాడూ వెళ్ళింది, ఉమ్మేశాడు. మూడోనాడూ వెళ్ళింది, ఉమ్మేశాడు. నాలుగోనాడు వాకిట్లో చతికిలబడి, మీ నోటికి చేదు కాసేపే మహారాజా, మీరు గడ కొరక్కపోతే మా నోళ్ళకి ఏడాదంతా మెతుకుండదు, మీరెన్నిసార్లు ఉమ్మితే అన్నిసార్లు తెస్తాను అంది. రాజు తల దించుకున్నాడు. చెయ్యి చాపి ముద్ద అందుకున్నాడు.

ఒక్క రోజులో తగ్గలేదర్రా, అదేమన్నా మంత్రమా? పన్నెండు రోజులకి నెత్తురాగింది, ఇరవైకి వాపు తీసింది. అప్పటికే కదిలిపోయిన ముందు పన్ను మాత్రం ఊడిపోయింది, దాన్నెవరూ ఆపలేకపోయారు. అయినా సరే, పూత రాకముందే రాజు పొలంలోకొచ్చి, గడ దవడ పక్కకి పెట్టి, ఉన్న పళ్ళతోనే పటుక్కున కొరికాడు. రసం గడ్డం మీంచి కారి పట్టుపంచె తడిసింది. ఊళ్ళో గానుగలన్నీ తిరిగాయి, పొయ్యిలన్నీ వెలిగాయి.

మొదటి బెల్లం ముక్క రాజు తన చేత్తోనే నాంచారికిచ్చి, తిన్నాక నోరు కడుక్కోవడం మరిచిపోకమ్మా అన్నాడట.

విన్నారుగా, చేదని ఉమ్మేయకండి, పళ్ళని గీకి గీకి తోమకండి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో నోరు పుక్కిలించి పక్కెక్కుదాం. లే సోమయ్యా, ముందు నువ్వే.