మేకుకి ఉన్న రబ్బరు ముక్క

పోలినాయుడికి తన చెవి మీద మహా గర్వం. అబద్ధమెందుకూ, చెవి చురుకైనదే. ఘాట్ రోడ్డు మలుపులో జీపు చప్పుడు వింటే చాలు, ఏ బుష్షు అరిగిందో షెడ్డులో కూర్చునే చెప్పేసేవాడు. అలాంటి మెకానిక్కుని బొంజుబాబు పాత జీపు మూడు రోజులు ఏడిపించుకు తింది.

ముందు చక్రం గుంతలో పడితే చాలు, కింద టక్కుమని చప్పుడు. నాయుడు బుష్షులు మార్చాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు, కమాను పట్టీల బోల్టులన్నీ బిగించాడు. చప్పుడు మాత్రం పట్టిన శనిలా వదల్లేదు.

గురువు దస్తగిరి మేస్త్రి పద్ధతి వేరు. నలభై ఏళ్ల సుత్తిదెబ్బలకి ఆయన చెవులు సగం పోయాయి. ముందు కిందున్న మట్టీ గ్రీజూ గీకించి, కిరసనాయిలుతో కడిగిస్తాడు. తర్వాత ఎవరినైనా జీపు ఊపమని, కింద పడుకుని ఒక్కో అతుకు మీదా అరచెయ్యి పెట్టి చూస్తాడు. ఒక పూట పడుతుంది. నాయుడికి అదంతా ముసలి చాదస్తం.

ఆయనకి ఇంకో చాదస్తం కూడా ఉంది. పనిబల్ల పైన మేకుకి ఎండి బిగుసుకుపోయిన రబ్బరు ముక్క ఒకటి వేలాడుతుంటుంది. ఓసారి నాయుడు షెడ్డు ఊడుస్తూ దాన్ని చెత్తలో పారేస్తే, మేస్త్రి చెంప పగలగొట్టాడు. పన్నెండేళ్లలో ఆ ఒక్క దెబ్బే. ఎందుకో చెప్పలేదు.

"మట్టి గీకి, చెయ్యి పెట్టి చూడరా," అని చెప్పి మేస్త్రి కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్లాడు.

ఆయన అటు బస్సెక్కాడో లేదో, బొంజుబాబు వచ్చి కూర్చున్నాడు.

"నాయుడుబావూ, రేపు సంత. ఆ సప్పుడికి జనం బెదిరిపోయి ఎక్కట్లేదు. ఎలాగోలాగ ఆపీ బావూ, నీకు పున్నెముంటాది."

నాయుడికి రోషం పొడుచుకొచ్చింది. పాత లారీ టైరులోంచి బెత్తెడు రబ్బరు కోసి, కమానుని జీపు అడుగు చట్రమైన ఛాసిస్‌కి పట్టుకునే బ్రాకెట్టు సందులో సుత్తితో దిగ్గొట్టాడు. మట్టి ఎక్కడిదక్కడే ఉంది. జీపుని రెండు గుంతల్లో దింపి చూశారు. కిక్కురుమనలేదు.

"నీ సెయ్యి సల్లగుండ!" అని నవ్వుకుంటూ బొంజుబాబు జీపు పట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున్న సంతకి దిగుతూ ఆ జీపు మూడో మలుపులో లోయలో పడింది. ఎక్కిన పద్నాలుగు మందీ కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుని ఎలాగో బతికారు. బొంజుబాబు స్టీరింగు కింద నలిగి చచ్చిపోయాడు.

"బ్రేకులు పోయుంటాయి," అని నాయుడు అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. చెప్పాడే గానీ, రెండు రోజులు ముద్ద నోట్లోకి పోలేదు.

పోలీసులు చూసిపోయాక ఆ తుక్కుని లాగి షెడ్డు ముందే పడేశారు. నాలుగో రోజు మేస్త్రి కంటికి కట్టుతో దిగాడు. వస్తూనే తుక్కు పక్కన మోకాళ్ల మీద కూలబడి, బ్రాకెట్టు చుట్టూ మట్టి గీకి, కిరసనాయిలు పోసి కడిగాడు.

"రా. చెయ్యి పెట్టు."

నాయుడు పెట్టాడు. ఛాసిస్ ఇనుము అడ్డంగా చీలిపోయి ఉంది. ఆ చీలికలో సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు. సందులో రబ్బరు ముక్క ఇంకా బిగుసుకునే ఉంది.

"నేనే సంపేసాను గురూగారూ!" నాయుడు నేల మీద పడి బావురుమన్నాడు. "అది మొత్తుకుంటుంటే నోరు నొక్కేసాను!"

మేస్త్రి స్క్రూడ్రైవరుతో రబ్బరు ముక్కని పెకలించి, దాని మట్టి తన లుంగీకే తుడిచి, లోపలికి నడిచాడు. నాయుడు ఏడుస్తూనే వెనక వెళ్లాడు.

పనిబల్ల పైన మేకుకి, ఎండిన ముక్క పక్కనే, మేస్త్రి ఈ ముక్కనీ గుచ్చాడు. రెంటినీ ఒంటికన్నుతో చూశాడు.

"ఆ పాతది నాదిరా," అన్నాడు.